దిక్కులేని కుక్కలకు దిక్కు

జనమేజయుని తమ్ములు నిరపరాధియగు సారమేయుని కొట్టగా, తల్లి సరమ వచ్చి రాజును నిలదీసిన కథ మీరెఱిగినదే. లండను వీథులలోని సారమేయముల పక్షమున నిలిచినది మేరీ టీల్బీ యను స్త్రీ. 1860వ సంవత్సరమున నామె హాలోవే పేటలో దిక్కులేని కుక్కలకొక శాల నెలకొల్పగా పత్రికలవారు నవ్విరి. నవ్వనిండు! ఆమె 1865లో గతించెను. శాల మాత్రము 1871లో బాటర్సీకి మాఱి నేటికిని నడచుచున్నది.

అట్టి శాలనుండి కుక్కను దెచ్చుకొనగోరువారు ముందుగా నింటిలో సందడిలేని మూల నొకటి చూచి, గోనెపట్ట పఱచి, నీళ్లముంత యుంచవలెను. ఒకమాఱు విడువబడిన ప్రాణి యగుటచే తొలిదినములలో నది తినకపోవచ్చును, పిలిచినను రాకపోవచ్చును. అది పొగరు గాదు, భయము. పిల్లలను దానిపైకి పోనీయరాదు.

ఇంకొకటి. 1885లో పాశ్చరు పిచ్చికుక్క కఱచిన బాలునికి టీకా వేసి కాపాడెను; నేడు కుక్కకే ముందుగా టీకా వేయుదురు. వేసిన తేదీగల చీటిని శాలవారి నడిగి తీసికొనుడు.