తాలిపేరు ఎగువన సిగ్నల్ ఎవరిది?

ఛత్తీస్‌గఢ్‌లోని బాసగూడ పక్కనుంచి పారే తాలిపేరు నది అడవి దాటి, చర్ల మీదుగా వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆ నీటి వెంటే మనుషులూ దిగివస్తారు. బీజాపూర్ జిల్లా పల్లెల నుంచి ఏటా మిర్చి కోతలకు భద్రాచలం, ఖమ్మం వైపు వచ్చే ఆదివాసీ కూలీలకు ఇంటి కబురు తెలియాలంటే ఫోనే ఆధారం. ఒకప్పుడు బాసగూడ చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ పెద్ద సంత. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఆ ఊరు ఖాళీ అయింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే మిగతా దేశంలో సెల్‌ఫోన్ ఇంటింటికీ చేరింది. పోటీ కంపెనీలు ఒకే టవరును పంచుకోవడమూ అప్పుడే మొదలైంది. ఈ రెండు చరిత్రలనూ కలిపి చదివితే ఒక సంగతి తేటపడుతుంది: టవర్ల పంపకాన్ని కంపెనీల లెక్కలకే వదిలేస్తే అది అడవి దాకా రాదు.

పంచుకోవడానికి తొలి కారణం ఖర్చు. స్థలం, ఇనుప టవరు, బ్యాటరీలు, డీజిల్ జనరేటరు ఎవరికైనా ఒకటే. వాటిని తలా ఒకటి కట్టుకోవడం దండగ. 2007 చివర్లో భారతి, వొడాఫోన్, ఐడియా కలిసి ఇండస్ టవర్స్‌ను నెలకొల్పాయి. 2008 ఏప్రిల్‌లో టెలికాం శాఖ యాంటెనాలు, రేడియో పరికరాలు పంచుకోవడానికీ అనుమతినిచ్చింది. అయితే ముగ్గురు వ్యాపారులు నిలబడదలచిన చోటే ఈ ఏర్పాటు పనికొస్తుంది. ఒక్కరూ రాని చోట పంచుకోవడానికి ఏముంది? అందుకే 2007లో కేంద్ర ప్రభుత్వపు సార్వత్రిక సేవా నిధి రంగంలోకి దిగింది. ఒక్కో టవరును మూడు కంపెనీలు వాడుకోవాలన్న షరతుతో దేశంలో ఏడు వేలకు పైగా టవర్లకు సబ్సిడీ ఇచ్చింది. ఆ షరతు చాలా ముందుచూపు ఉన్నదని నా అభిప్రాయం. విచారమేమంటే, 2014లో మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలకు రూ.3,567 కోట్లతో రెండు వేల పైచిలుకు టవర్లు మంజూరైనప్పుడు ఆ ఆలోచన వెనకబడింది. పని బీఎస్ఎన్ఎల్‌కు దక్కింది, సేవ 2జీ. ఆ కంపెనీ సిమ్ము లేనివాడికి కళ్లెదుట టవరున్నా ఫోన్ మూగదే.

ఈ లోటును పూడ్చే ప్రయత్నం 2025 జనవరి 17న జరిగింది. సార్వత్రిక సేవా నిధి అప్పటికి డిజిటల్ భారత్ నిధిగా మారింది. ఆ నిధితో కట్టిన దాదాపు 27 వేల 4జీ టవర్ల దగ్గర ఇతర కంపెనీల సిమ్ములూ పనిచేసేలా, ఒకే టెలికాం సర్కిల్ లోపల రోమింగ్ సదుపాయాన్ని కేంద్రం ప్రారంభించింది. టవరు ఒకరిది, ఈ సిమ్ము మాదేనని ధ్రువీకరించేది ఫోనున్నవాడి సొంత కంపెనీ. ఇది కొత్తగా కనిపెట్టిన విద్యేమీ కాదు. అత్యవసర కాల్ ఏ నెట్‌వర్క్ దొరికితే దాని మీదుగా వెళ్లే ఏర్పాటు మన ఫోన్లలో ముందునుంచీ ఉంది.

శ్రమ ఒకరిది, ఫలం ఇంకొకరిదా అని అభ్యంతరం చెప్పేవారున్నారు. కానీ ఆ నిధి ఏ ఒక్క కంపెనీ సొమ్మూ కాదు. కంపెనీలన్నీ తమ సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం సర్కారుకు కట్టగా పోగైనది, అంటే చివరికి ప్రతి రీచార్జిలోంచి వచ్చినది. అందరి డబ్బుతో లేచిన టవరు అందరికీ పలకాలి. నిర్వహణ భారం మోసే కంపెనీకి మిగతావి అద్దె చెల్లించాలన్నది మాత్రం న్యాయమైన కోరికే. పోటీ చచ్చిపోతుందన్న వాదన హైదరాబాదులో ఆలోచించదగినదే. పోటీయే లేని అడవిలో దానికి అర్థం లేదు.

వీటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఒక్క టవరు మీద అందరూ ఆధారపడితే, అది కూలిన రోజు అందరూ మూగబోతారు. బస్తర్‌లో మావోయిస్టులు టవర్లను తగలబెట్టారు, పేల్చేశారు. ఇది ఊహించి భయపడుతున్న సంగతి కాదు. అయినా దీనికి మందు పంపకం మానేయడం కాదు. ఒకదాని పక్కన ఒకటి, ఒకే జనరేటరు మీద, ఒకే దారిలో నడిచే మూడు టవర్లు ఒకే రాత్రి కూలగలవు. అదే ఖర్చుతో దూరదూరంగా మూడు ఊళ్లలో నిలిపి, మూడింటినీ అన్ని సిమ్ములకూ తెరిస్తే, ఒకటి పడినా పక్క ఊరి గుట్టెక్కితే రెండోది అందే అవకాశం ఉంటుంది. 2021లో ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ సహా ఐదు రాష్ట్రాల్లోని 7,287 గ్రామాలకు మంజూరైన 4జీ పథకానికీ ఇదే కొలమానం. టవరు ఎవరు కట్టినా, అన్ని సిమ్ములకూ తెరవాలన్న నిబంధన టెండరు కాగితంలోనే ఉండాలి.