నాచారం షెడ్లు, చేతితో చుట్టిన వెల్డింగ్ మిషన్లు

ఈ స్వర్ణోత్సవ సంచికలో మన సార్ల గురించి, టీచరమ్మల గురించి, ఆటస్థలం గురించి, ర్యాంకుల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను బడి ప్రహరీకి అవతలి చరిత్ర రాయదలచుకున్నాను. ఉప్పల్, నాచారం చుట్టుపక్కల పెరిగిన మనందరికీ షెడ్ల నుంచి వచ్చే ఆ నీలి వెలుగు తెలుసు. "అటు చూడకు, కళ్ళు పోతాయి" అని పెద్దలు కసిరిన వెలుగు అది. దాన్ని పుట్టించిన వెల్డింగ్ మిషన్లలో కొన్నింటి మీద ఏ కంపెనీ పేరూ ఉండేది కాదు. వాటిని వాడేవాళ్ళే, లేదా పక్క వీధి వైండింగ్ షాపువాళ్ళే చేతితో చుట్టుకున్నారు. పెట్టుబడి లేని కుర్రవాడు కూలివాడి నుంచి షెడ్డు యజమాని కావడానికి ఆ మిషనే మొదటి మెట్టు. ఆ విద్య ఇప్పుడు మన కళ్ళముందే కనుమరుగవుతున్నది. అందుకే ఈ వ్యాసం.

తూర్పు హైదరాబాదు, ఇనుము

హైదరాబాదుకు ఇనుప పని కొత్త కాదు. నిజాం రైల్వే నాటి లాలాగూడ వర్క్‌షాపు నాచారానికి ఎంతో దూరం కాదు. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ మొదలయ్యాయి. స్వాతంత్ర్యం తర్వాత నగరం తూర్పు వైపు రూపే మారింది. 1961లో ఎన్.జి.ఆర్.ఐ., 1967లో ఈ.సి.ఐ.ఎల్., 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు వచ్చాయి. 1973లో ఏ.పి.ఐ.ఐ.సి. ఏర్పడింది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి పారిశ్రామిక వాడలు ఒకదానికొకటి తగిలేట్టుగా పెరిగాయి.

ఫ్యాక్టరీ ఉన్నచోట దాని నీడన చిన్న షెడ్లు పుడతాయి. మిషన్లకు స్టాండ్లు, మోటార్లకు బేస్ ప్లేట్లు, గార్డులు, ట్యాంకులు, ట్రాలీలు ఎవరో ఒకరు చేసిపెట్టాలి. ఆ వెనకే కాలనీలు వచ్చాయి. హబ్సిగూడ, రామంతాపూర్, బోడుప్పల్ వైపు లేచిన ప్రతి ఇంటికీ గేటు కావాలి, కిటికీలకు గ్రిల్లులు కావాలి, మేడ మీదికి ఇనుప మెట్లు కావాలి. పనికి కొదవ లేదు. పని తెలిసిన కుర్రవాళ్ళకూ కొదవ లేదు. ఐ.టి.ఐ.లో ఏడాది వెల్డర్ ట్రేడు చేసినవాళ్ళు కొందరు, ఉస్తాద్ దగ్గర సుత్తి అందిస్తూ నేర్చుకున్నవాళ్ళు మరికొందరు. వాళ్ళకు లేనిదల్లా మిషను. కంపెనీ మిషను కొనాలంటే చేతిలో ఒక్కసారిగా డబ్బుండాలి, లేకపోతే బ్యాంకుకు చూపించడానికి ఆస్తి ఉండాలి. రెండూ లేనివాళ్ళకు మిగిలిన దారి, సామాను కొంచెం కొంచెంగా పోగుచేసి సొంతంగా చుట్టుకోవడమే.

ఆర్క్ ఇక్కడిదాకా వచ్చిన దారి

ఈ విద్య వెనుక దేశదేశాల చెయ్యి ఉంది. 1802లో రష్యాలో వసీలీ పెత్రోవ్ పెద్ద బ్యాటరీతో విద్యుత్ ఆర్క్ పుట్టించి దాని వేడిని గమనించాడు. 1831లో మైకేల్ ఫారడే ఒకే ఇనుప రింగు మీద రెండు కాయిళ్ళు చుట్టి ప్రేరణ సూత్రం చూపించాడు. మన ఫిజిక్సు సారు బోర్డు మీద గీసిన ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మకు మూలం అదే. 1881లో నికొలాయ్ బెనార్దోస్ కార్బన్ కడ్డీతో లోహాలను అతికించాడు. 1888లో నికొలాయ్ స్లావ్యానోవ్ కార్బన్ బదులు లోహపు కడ్డీనే వాడాడు. ఆర్క్ వెలిగించేదీ, కరిగి అతుకులో పడేదీ అదే కడ్డీ.

కానీ పూత లేని కడ్డీతో వేసిన అతుకు గాలి తగిలి పెళుసుబారేది. 1904లో స్వీడన్‌లో ఈసాబ్ కంపెనీ పెట్టిన ఆస్కార్ షెల్‌బెర్గ్ ఓడల బాయిలర్ల మరమ్మతు కోసం కడ్డీకి ఖనిజాల పూత పూశాడు. పూత కాలి పొగై కరిగిన లోహాన్ని గాలి నుంచి కాపాడుతుంది, తర్వాత స్లాగుగా పైన గట్టిపడుతుంది. సుత్తితో కొట్టి రాల్చే ఆ నల్లపెంకు ఇదే. ఇంకో మేలు కూడా జరిగింది. పూత ఉన్న రాడ్డుతో ఏ.సి. కరెంటు మీదా ఆర్క్ నిలుస్తుంది. ఏ.సి. సరిపోతే జనరేటర్ అక్కర్లేదు, ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ చాలు. ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరిగే భాగం ఒక్కటీ లేదు. కాబట్టే అది నాచారంలో ఒక రేకుల షెడ్డు కింద కూడా తయారు కాగలిగింది.

చుట్టడం ఎలా

ముందు కోర్. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి విప్పిన సిలికాన్ స్టీలు రేకులను షాపువాళ్ళు స్టాంపింగులు అంటారు. రేకు పలుచగా ఉండి, ఒకదానికొకటి కరెంటు తగలకుండా పైన పూత ఉండాలి. మందపాటి ఇనుప దిమ్మె పెడితే అదే పొయ్యిలా కాగుతుంది. కొత్త సామాను కావాలంటే రాణీగంజ్, ట్రూప్ బజార్ ఉండనే ఉన్నాయి.

తర్వాత లెక్క. పాలిటెక్నిక్ పుస్తకంలో ఒక్కో చుట్టుకు వచ్చే వోల్టేజీ 4.44 ఇంటూ ఫ్రీక్వెన్సీ ఇంటూ ఫ్లక్సు అని ఉంటుంది. కోర్ కోత వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్లు, ఫ్లక్సు సాంద్రత 1.2 టెస్లా, మన కరెంటు 50 సైకిళ్ళు అనుకుంటే చుట్టుకు సుమారు 1.33 వోల్టులు. అంటే 230 వోల్టుల ప్రైమరీకి దాదాపు 173 చుట్లు, 70 వోల్టుల సెకండరీకి 53 చుట్లు. ఈ సూత్రం తెలియని ఉస్తాదులు ఇంకో దారిలో అక్కడికే చేరేవారు. కోర్ మీద పది చుట్లు వేసి చిన్న వోల్టేజీ ఇచ్చి, మీటరుతో కొలిచి, చుట్టుకు ఎంతో తేల్చేవారు. పుస్తకమూ చెయ్యీ ఒకే జవాబు చెప్పాయి.

ఆ తర్వాత తీగ. షాపు భాషలో పన్నెండు నంబరు రాడ్డంటే రమారమి 2.5 మిల్లీమీటర్లు, దానికి 60 నుంచి 90 ఆంపియర్లు కావాలి. పది నంబరు రాడ్డంటే 3.15 మిల్లీమీటర్లు, 90 నుంచి 130 ఆంపియర్లు. గేటు పనికి ఈ రెండూ చాలు. 120 ఆంపియర్లు మోయాలంటే సెకండరీ రాగి పట్టీకి 40 చదరపు మిల్లీమీటర్ల కోత ఉంటే నిశ్చింత. రాగి ఖరీదు కాబట్టి కొందరు అల్యూమినియం వాడేవారు. అప్పుడు కోత ఒకటిన్నర రెట్లకు పైగా పెంచాలి, రాగీ అల్యూమినియమూ కలిసే బోల్టు దగ్గర జాగ్రత్తపడాలి. ఆ బోల్టు వదులైతే మిషను అక్కడే కాలుతుంది. పొర పొరకూ మధ్య లెదరాయిడ్ కాగితం, పైన వార్నిషు, ఆపైన ఎండ. ఎండలో బాగా ఆరని కాయిల్ వానాకాలంలో మోసం చేస్తుందని ప్రతి ఉస్తాదుకూ తెలుసు.

మొదటి మిషను నుంచి మంచి మిషను దాకా

మొదటిసారి చుట్టిన మిషను సాధారణంగా రెండు విధాల ఇబ్బంది పెడుతుంది. రాడ్డు అంటుకుపోతుంది, లేదా ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎందుకంటే రాడ్డును ఇనుముకు ముట్టించిన క్షణం షార్ట్ సర్క్యూటే. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఆ షార్టుకు హద్దులేని కరెంటు ఇవ్వబోతుంది. వెల్డింగుకు కావలసింది దానికి భిన్నమైన గుణం. ఖాళీగా ఉన్నప్పుడు 70 వోల్టులు, ఆర్క్ వెలిగాక 25 వోల్టుల దగ్గర నిలకడ, షార్టైనా అదుపు తప్పని కరెంటు.

ఈ గుణాన్ని షెడ్లలో మెట్లు మెట్లుగా సాధించారు. ప్రైమరీని ఒక కాలు మీద, సెకండరీని ఇంకో కాలు మీద చుడితే మధ్యలో కొంత ఫ్లక్సు పక్కదారి పడుతుంది. పుస్తకం దాన్ని లీకేజీ అంటుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌కు అది దోషం, వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌కు అదే ప్రాణం. తర్వాత సెకండరీకి వరుసగా చోక్ కాయిల్ చేర్చి, దానికి ట్యాపింగులు తీసి, ప్లగ్గు మార్చి కరెంటు మార్చుకున్నారు. ఆపైన రెండు కాయిళ్ళ మధ్య స్టాంపింగుల కట్టను అటూ ఇటూ జరిపే షంట్ వచ్చింది. పైన చక్రం తిప్పితే కరెంటు సన్నగా పెరుగుతుంది, తగ్గుతుంది. పలుచని చదరపు పైపుకు చిల్లు పడకుండా టాకా వేయాలంటే ఆ చక్రం ఉండాల్సిందే.

ఇంకో చిక్కు కరెంటు కనెక్షను. 70 వోల్టులను 120 ఆంపియర్లతో గుణిస్తే 8.4 కె.వి.ఏ. కానీ ఆర్క్‌లో నిజంగా ఖర్చయ్యేది 25 వోల్టులు, 120 ఆంపియర్లు, అంటే 3 కిలోవాట్లే. పవర్ ఫ్యాక్టర్ 0.36 దగ్గర ఉంటుంది. 230 వోల్టుల మీద ఇది 36 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఇంటి వైరింగు తట్టుకోలేదు. గల్లీలో లైట్లు దిగిపోతాయి, ఇరుగుపొరుగువాళ్ళు తగువుకు వస్తారు. అదే మిషనుకు ప్రైమరీ 312 చుట్లు చుట్టి రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద నడిపితే 20 ఆంపియర్లు. దానికి 4 కె.వి.ఏ.ఆర్. కెపాసిటర్ జోడిస్తే కరెంటు సుమారు 12 ఆంపియర్లకు తగ్గుతుంది. వెల్డింగు ఆపినా కెపాసిటర్ లాగుతూనే ఉంటుంది కాబట్టి పని లేనప్పుడు మెయిన్ ఆపడం అలవాటు కావాలి. షెడ్డు యజమానులకు పవర్ ఫ్యాక్టర్ అంటే ఏమిటో నేర్పింది పరీక్షలు కాదు, పొరుగువాళ్ళ తగువులూ వేడెక్కిన వైర్లూ.

చివరి మెరుగు డి.సి. ఏ.సి. కరెంటు సెకనుకు 100 సార్లు సున్నా దాటుతుంది. ప్రతిసారీ ఆర్క్ ఆరి మళ్ళీ వెలగాలి. నాలుగు పెద్ద డయోడ్లను అల్యూమినియం పలకల మీద బిగించి, ఫ్యాను పెట్టి, చోక్ కలిపితే డి.సి. వస్తుంది. ఆర్క్ మెత్తగా నడుస్తుంది, గట్టి అతుకులకు వాడే లో హైడ్రోజన్ రాడ్లు కూడా చక్కగా కాలుతాయి.

మూల్యం

ఈ చరిత్రను గొప్పగా మాత్రమే చెప్పి ఊరుకోకూడదు. 70 వోల్టులంటే చిన్నచూపు వద్దు. చెమటతో తడిసిన చొక్కా, తడి నేల, హోల్డర్ విరిగిన చోట బయటపడ్డ ఇత్తడి, ఈ మూడూ కలిస్తే ప్రాణం పోతుంది. అంతర్జాతీయ ప్రమాణాలు ఖాళీ వోల్టేజీకి మామూలు చోట 80 వోల్టులు, షాకు ముప్పు ఎక్కువున్న చోట ఏ.సి.కి 48 వోల్టులు హద్దు పెట్టాయి. మన దేశంలో వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్లకు ఐ.ఎస్. 1851, రాడ్లకు ఐ.ఎస్. 814 ఉన్నాయి. సొంతంగా చుట్టిన మిషనుకు ఏ ముద్రా ఉండదు. ఉస్తాద్ మనస్సాక్షే దాని ముద్ర. మంచి ఉస్తాద్ మిషను బాడీకి వేరుగా ఎర్తు తీగ కట్టించేవాడు. ప్రైమరీకీ సెకండరీకీ మధ్య ఇన్సులేషన్ దగ్గర పైసా కూడా మిగుల్చుకునేవాడు కాదు. అక్కడ మిగిల్చిన డబ్బు ఒకరి ఇంటి దీపం ఆర్పగలదని అతనికి తెలుసు.

కళ్ళ సంగతి మరీ బాధాకరం. నల్ల అద్దం లేకుండా, చెయ్యి అడ్డం పెట్టుకుని టాకా వేసిన రోజు రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. ఆలుగడ్డ ముక్కలు కట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నవాళ్ళు ఈ వాడల్లో ఎందరో. అది నిజానికి అతినీల లోహిత కిరణాలు కంటి పైపొరను కాల్చడమే. ఆలుగడ్డ చల్లదనం ఇస్తుందే గాని మందు కాదు. అద్దం ఖరీదు ఒక పూట భోజనమంత. దాన్ని మొదటిరోజే కొనిపెట్టిన యజమానిని మాత్రమే ఉస్తాద్ అనాలి.

సూత్రం అదే

ఇప్పుడు నాలుగైదు కిలోల ఇన్వర్టర్ మిషను భుజానికి తగిలించుకుని కుర్రవాళ్ళు మెట్లెక్కి వెళుతున్నారు. పాతదాన్ని ఇద్దరు పట్టి లేపాలి. ఈ తేడా వెనుక ఉన్నదీ పాత సూత్రమే. చుట్టుకు వోల్టేజీ ఫ్రీక్వెన్సీని బట్టి పెరుగుతుందని చెప్పుకున్నాం. ఇన్వర్టర్ 50 సైకిళ్ళను వేల సైకిళ్ళకు పెంచుతుంది కాబట్టి కోర్ అరచేతిలో ఇమిడేంత చిన్నదవుతుంది. కరెంటు తక్కువ లాగుతుంది, రాడ్డు అంటుకోదు. పనివాడికి ఇది మేలు, అందులో సందేహం లేదు. అయితే బోర్డు పోతే షెడ్డులో బాగుచేసేవాళ్ళు తక్కువ. విప్పి, చూసి, మళ్ళీ చుట్టుకునే వస్తువు పోయి, పాడైతే పారేసే వస్తువు వచ్చింది.

షెడ్ల చుట్టూ ఊరు కూడా మారింది. 2007లో ఉప్పల్ గ్రేటర్‌లో కలిసింది. 2017 నవంబరులో మెట్రో నడిచింది. షెడ్లున్న జాగాల్లో అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఆ అపార్టుమెంట్ల గేట్లకు, రెయిలింగులకు అతుకులు వేసేదీ ఆ వెల్డర్లే.

మన పూర్వ విద్యార్థుల్లో ఇంజనీర్లు ఉన్నారు, విదేశాల్లో స్థిరపడ్డవాళ్ళు ఉన్నారు. పదో తరగతితో ఆగి షెడ్డు పెట్టుకుని పదిమందికి పని ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. సంచికల్లో మొదటి రెండు రకాలవాళ్ళ ఫొటోలే ఎక్కువ కనిపిస్తాయి. అందుకని సంఘానికి రెండు విన్నపాలు. ఒకటి, తుక్కుకు పోకముందే చేతితో చుట్టిన ఒక పాత మిషనును సంపాదించి, కరెంటు తగలకుండా వైర్లు తీసేసి, ఒకవైపు రేకు విప్పి బడి ఫిజిక్సు ల్యాబులో పెడదాం. పిల్లలు చుట్లు లెక్కబెట్టుకోవచ్చు. రెండు, ఇంకా మన మధ్య ఉన్న వైండింగ్ ఉస్తాదులను బడికి పిలిచి, శాలువా కప్పడంతో సరిపెట్టకుండా, ఒక గంటసేపు వాళ్ళ చేత పాఠం చెప్పిద్దాం. బోర్డు మీది సూత్రం గోడ అవతల ఎన్ని ఇళ్ళకు అన్నం పెట్టిందో ఆ గంటలో పిల్లలకు అర్థమవుతుంది.