ఆ గుడారం ఎవరిది?

"మ్యూజియంలో ఉంది కదా, ఇంకేం ఆధారం కావాలి?" ఈ మాట మనం చాలాసార్లు విన్నదే. అద్దాల పెట్టెలో వస్తువు కనిపిస్తే చాలు, దాని చుట్టూ అల్లిన కథంతా నిజమని నమ్మేస్తారు. ఈ పొరపాటు భక్తులే చేస్తారని అనుకోకండి. చరిత్ర మీద నిజమైన ప్రేమ ఉన్నవాళ్ళూ చేస్తారు. ఉదాహరణకు వైకింగుల గుడారాలు తీసుకుందాం.

వైకింగుల యుద్ధాలను వేషాలు కట్టి మళ్ళీ ఆడి చూపించే ఔత్సాహికులు ఐరోపాలో చాలామంది ఉన్నారు. వీళ్ళనే రీఎనాక్టర్లంటారు. డెన్మార్క్‌లోని మోస్‌గార్డ్, పోలండ్‌లోని వోలిన్ ఇలాంటి వేసవి మేళాలకు పేరుపడ్డాయి. ఈ సైనిక విడిదుల ఫోటోలు చూస్తే ఒకే తరహా గుడారం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ముందూ వెనకా ఏటవాలుగా కలిసే రెండేసి చెక్కలు, వాటి కొసల్లో జంతువుల తలలు. లోపల విప్పి బిగించుకునే మంచం. బయట ఇనప ముక్కాలికి వేలాడే వంట కాగు. అన్నీ అసలు వస్తువులకు నకళ్ళేనంటారు. చాలావరకు నిజమే. మరి ఆ అసలు వస్తువులు ఎవరివి?

ముఖ్యంగా నార్వేలోని రెండు సమాధులవి. గోక్‌స్టాడ్ దిబ్బను 1880లో, ఓసెబెర్గ్ దిబ్బను 1904లో తవ్వారు. ఓసెబెర్గ్‌లో ఓడతో సహా పూడ్చిపెట్టింది ఇద్దరు స్త్రీలను. కలపలోని వలయాలు లెక్కగట్టి, అది క్రీ.శ. 834 నాటి సమాధి అని తేల్చారు. గోక్‌స్టాడ్‌లో ఉన్నది సుమారు 900 నాటి మగవాడు, అతనికీ ఓడే సమాధి. అంటే ఓడనే మట్టిలో పూడ్చగల స్థోమత ఉన్నవాళ్ళ సామాను ఇది. కింద బంకమన్ను, పైన దిబ్బ గాలి తగలనివ్వలేదు గనక కలప మిగిలింది.

ఇప్పుడు నిజమైన సైనిక విడిది ఒకటి చూడండి. ఇంగ్లండులో లింకన్‌షైర్‌లోని టోర్క్‌సీ. వైకింగుల పెద్ద సైన్యం 872-873 చలికాలం అక్కడ గడిపిందని ఆంగ్లో-సాక్సన్ క్రానికల్ చెబుతోంది. పరిశోధకుల లెక్కలో ఆ విడిది సుమారు 55 హెక్టార్లు. అక్కడి పొలాల్లో వందకు పైగా అరబ్బు వెండి నాణేలు, తూనిక గుళ్ళు, సీసపు ఆటకాయలు, దారం వడికే కదురు బిళ్ళలు దొరికాయి. బేరాలు జరిగాయి, జూదమో ఆటో ఆడుకున్నారు, దారం వడికారు. సైనికులతో పాటు పనివాళ్ళూ స్త్రీలూ ఉన్నారని పరిశోధకుల అభిప్రాయం. దున్నిన పొలంలో లోహమూ రాయీ మిగిలాయి గాని, కర్రా గుడ్డా మిగల్లేదు.

చూశారా తమాషా! సైన్యం దిగిన చోట గుడారం దొరకలేదు. గుడారం దొరికిన చోట సైన్యం దిగలేదు. రెంటినీ కలిపి కుట్టినవాళ్ళం మనమే.

వైకింగు సైనికులకు గుడారాలే లేవని నేననడం లేదు. ఉండే ఉంటాయి. కాని సమాధిలోని సంపన్నుల సామాను ప్రతి సిపాయి సామానూ అయిందంటే దానికి వేరే రుజువు కావాలి. జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ మ్యూజియంలో 17వ శతాబ్దపు మొగలు గుడారం ఉంది, పట్టు మఖమలుతో చేసింది. మొగలు సిపాయిలందరూ మఖమలు కింద పడుకున్నారంటే మనం నవ్వమా?

ఇంకో సంగతి. ఈ నకళ్ళలో చాలావాటికి కప్పేది నూలు కాన్వాసు. ఆ రోజుల్లో ఉత్తర ఐరోపా వాడుకలో ఉన్నవి ఉన్ని, నార బట్టలు. పత్తి మన నేలది, వాళ్ళది కాదు.

ఇది వట్టి సరదా అనుకోవడానికి లేదు. పిల్లలు ఈ మేళాలు చూసే గతాన్ని ఊహించుకుంటారు. చెక్కిన తలల మధ్య మామూలు సిపాయి, అతని వెంట నడిచిన దారం వడికే మనిషి కనుమరుగవుతారు. బీదవాడి సామాను ఒకసారి మట్టిలో కుళ్ళిపోయింది, రెండోసారి మన ఊహలోంచీ పోతోంది. రీఎనాక్టర్లలోనే ఈ సంగతి లేవనెత్తేవాళ్ళున్నారు, వాళ్ళను మెచ్చుకోవాలి. ప్రతి గుడారం ముందూ ఒక చిన్న అట్ట పెడితే సరిపోతుంది: "ఇది ఫలానా సమాధిలో దొరికినదానికి నకలు. సైనికుల గుడారం ఇలాగే ఉండేదనడానికి ఆధారం లేదు." ఆ రెండు వాక్యాలతో మేళా అందమేమీ తగ్గదు.