నాలుగు దారుల ఊరు

ఇన్నీసుపేట నుంచి బడికి రావడానికి నాకు నాలుగు దారులుండేవి. హోమ్‌వర్కు చెయ్యని రోజు లెక్కల మాస్టారి సైకిలు దూరాన కనబడగానే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. అది ఇంకో వీధిలో తేలేది. ఆ సందులన్నీ ఆయనకీ తెలుసని తర్వాత తెలిసింది.

రాజమండ్రి పాత పేటలు నడిచేవాళ్ల కోసం పుట్టినవి. ఎక్కడున్నవాళ్లయినా గోదావరి రేవుకి, బజారుకి చేరాలి. జట్కాలు, రిక్షాలు తర్వాత వచ్చినా అవే సందుల్లో దూరాయి. ఊరిని మొదట అడ్డంగా చీల్చింది రైలుకట్టే. 1900లో హేవలాక్ వంతెన వచ్చి దేశం దగ్గరైంది గానీ, కట్టకి అవతలున్న పేట కొంచెం దూరమైంది.

1974లో రోడ్డు-రైలు వంతెన తెరిచారు. కొవ్వూరుకి బస్సు మీద వెళ్లడం అప్పట్లో మాకు సంబరం. ఆ తర్వాత ఊరు నదికి వీపు తిప్పి హైవే వైపు నడిచింది: లాలాచెరువు, మోరంపూడి, హుకుంపేట, బొమ్మూరు. 1994లో మునిసిపాలిటీ కార్పొరేషనైంది.

పెరగడంలో తప్పు లేదు, పెరిగిన తీరులోనే ఉంది చిక్కు. ఒక రైతు చేను అమ్మితే ఒక వెంచరు, పక్క రైతు అమ్మితే మరొకటి. దీని రోడ్డు దాని రోడ్డుకి కలవదు, గట్టు దగ్గర ఆగిపోతుంది. అందరికీ దిక్కు ఆ ఒక్క పెద్ద రోడ్డే. మోరంపూడి జంక్షన్లో పైవంతెన ఎందుకు కావలసి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఇది మన ఒక్క ఊరి జబ్బు కాదు. బారింగ్టన్-లీ, మిల్లార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రపంచమంతటి వీధుల పటాలు చూసి, 1975 నుంచి కొత్త వీధులు ఒకదానికొకటి కలవడం తగ్గుతూ వచ్చిందని 2020లో ప్రచురించారు. ఒకసారి వేసిన వీధిని మార్చడం కష్టం. ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టుకుంటారు, వీధి మాత్రం అలాగే ఉండిపోతుంది.

నేను ఇల్లు కట్టుకున్నదీ ఒక వెంచర్లోనే. మా వెనక గోడకి అవతల వెంచర్లో మన బ్యాచ్ మిత్రుడుంటాడు. "ఒరేయ్, ఆ గోడకో చిన్న గేటు పెట్టించరా" అని ఎన్నోసార్లు అడిగాడు. దొంగల భయం అని కాలనీ సంఘం వద్దంది. కార్యదర్శిగా ఆ తీర్మానం మీద సంతకం నాదే.

కిందటేడు ఓ రాత్రి వాడికి గుండెనొప్పి వచ్చిందని వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. మా డాబా మీంచి వాళ్లింట్లో లైటు కనబడుతోంది. కారు తీసి, హైవే ఎక్కి, యూటర్న్ కొట్టి చేరేసరికి పావుగంట పట్టింది. దేవుడి దయ, వాడు బాగున్నాడు. ఈ సంచికకి ఫోటోలు పోగుచేసింది వాడే.

మొన్నటి సమావేశంలో గేటు సంగతి నేనే మళ్లీ ఎత్తాను. నాతో కలిపి ముగ్గురు చేతులెత్తారు.