పెట్టెలోని మనుష్యుడు: కృత్రిమ మేధ, పెట్టుబడి, దాగిన శ్రమ

1770వ సంవత్సరమున వియన్నా నగరమునందు, మరియా థెరీసా ఆస్థానమున, వుల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ అనునతడు తురుష్కవేషముతోనున్న యొక కొయ్యబొమ్మను ప్రదర్శించెను. పెద్ద పెట్టె వెనుక కూర్చుండి ఆ బొమ్మ చదరంగమాడి గెలుచుచుండెను. ఆటకు ముందు పెట్టె తలుపులను ఒక్కొక్కటిగా తెరచి చూపుదురు. చూచువారికి పండ్లచక్రములు తప్ప మరేమియు కానరాదు. ఏలయన లోపల దాగి బొమ్మను ఆడించు మనుష్యుడు జారుడుపీటపై ఒక మూలనుండి మరొక మూలకు తొలగుచుండెడివాడు. 1854లో ఫిలడెల్ఫియాలో ఆ బొమ్మ అగ్నికాహుతియైనను దాని పేరు నశింపలేదు. 2005లో అమెజాన్ సంస్థ, యంత్రములకు చేతగాని చిన్న చిన్న పనులను ఇంటర్నెట్టు ద్వారా మనుష్యులచేత చేయించు తన సేవకు 'మెకానికల్ టర్క్' అని ఆ పేరే పెట్టెను. కృత్రిమ మేధకును పెట్టుబడికిని గల సంబంధమును గ్రహింపదలచినవారు ఈ పెట్టెను దాటి పోరాదని నా యభిప్రాయము. మనుష్యుని శ్రమను మరుగుపరచుట ఈ పరిశ్రమకు యాదృచ్ఛికముగా సంక్రమించిన దోషము గాదు. దాని చౌకదనమునకు ఆధారమే యది.

ఆ బొమ్మతో లండనులో ఆడి ఓడినవారిలో చార్లెస్ బాబేజి యొకడు. గణనయంత్రమునకు ఆద్యుడుగా ఆతనిని స్మరింతుము; కాని యంత్రముల ఆర్థికవ్యవస్థను గూర్చి 1832లో ఆతడు ప్రకటించిన గ్రంథము నాకు అంతకంటె ముఖ్యముగా తోచుచున్నది. ఫ్రెంచి విప్లవకాలమున గాస్పార్ ద ప్రొనీ సంవర్గమాన పట్టికలను తయారుచేయించిన విధమును అందాతడు వర్ణించెను: సూత్రములను నిర్ణయించు గణితవేత్తలు ఐదారుగురు, వానిని అంకెలకు అనువుపరచువారు ఏడెనిమిదిమంది, అడుగున 60 నుండి 80 మంది. ఆ అడుగువారిలో పదింట తొమ్మిదిపాళ్లవారికి కూడికయు తీసివేతయు తప్ప మరేమియు రాదు. అయినను ఎక్కువ చదివినవారికంటె వీరి లెక్కలే తప్పులు లేక యుండెడివట! శ్రమవిభజనమువలన పని వేగమగునని ఆడమ్ స్మిత్ 1776లోనే చెప్పియుండెను. బాబేజి చేర్చినది ధరను గూర్చిన మాట: పనిని తునుకలు చేసినచో యజమాని ఒక్కొక్క తునుకకు అవసరమైనంత నైపుణ్యమును మాత్రమే కొనవచ్చును. బుద్ధిని యంత్రమునకెక్కించుటకు ముందే దానిని ముక్కలుచేసి చౌకపరచు మార్గము ఇచ్చట స్పష్టపడుచున్నది.

2009లో ఫై-ఫై లీ బృందము వెలువరించిన ఇమేజ్‌నెట్ ఆ మార్గమున నడచినదే. క్రమముగా 1.4 కోట్లకు మించిన ఆ చిత్రసంచయమున ఏది కుక్కయో ఏది పడవయో గుర్తించినవారు మెకానికల్ టర్క్ ద్వారా పనిచేసిన వేలకొలది అజ్ఞాత శ్రామికులు. 2012లో టొరొంటో విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిజెవ్‌స్కీ, సుత్స్‌కెవర్, హింటన్‌లు ఆ చిత్రములపై శిక్షణనిచ్చిన నాడీజాలము చిత్రములను గుర్తించు పోటీలో గెలిచెను. మరుసటియేడు వారి చిన్న సంస్థను గూగుల్ కొనెను. ప్రతిభకు దక్కిన ఫలమును నేను కాదనను. చిత్రములకు పేర్లు పెట్టినవారికి మాత్రము ముక్కకింత యని ముట్టిన పైకముతో ఋణము తీరిపోయెను. 2023 జనవరిలో టైమ్ పత్రిక వెల్లడించిన కెన్యా వృత్తాంతము మరింత శోచనీయము. చాట్‌జీపీటీ నోట దుర్భాష రాకుండుటకై, హింసను, శిశువులపై అత్యాచారములను వర్ణించు పాఠములను చదివి వర్గీకరించిన శ్రామికుల చేతికి గంటకు 2 డాలర్లకు లోపుగా ముట్టెను. ఆ యంత్రము నేర్చిన మర్యాదకు వెల చెల్లించినవి వారి మనస్సులు.

సమాజమునకంతకును చెందిన జ్ఞానము యంత్రరూపమున స్థిరపెట్టుబడియై శ్రామికునికెదురుగా నిలుచునని మార్క్స్ 1857-58 నాటి వ్రాతపుస్తకములలో తలపోసెను. ఆ తలపు మనవారికిని వర్తించును. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో స్వచ్ఛందముగా వ్రాసినవారి వాక్యములు, 2018లో గూగుల్ విడుదల చేసిన బహుభాషా బెర్ట్ నమూనా నేర్చిన 104 భాషల పాఠములలో చేరినవి. ఆ నమూనా అందరికిని ఉచితముగనే లభించెను. ఇచ్చినది తిరిగి లోకమునకే చేరెను. తరువాత వచ్చిన నమూనాలలో పెక్కింటికి తలుపులు మూతపడినవి. 2015లో లాభాపేక్ష లేని సంస్థగా పుట్టిన ఓపెన్‌ఏఐ, 2019లో పరిమిత లాభము గల అనుబంధసంస్థను ఏర్పరచి, ఆ యేటనే మైక్రోసాఫ్ట్ నుండి 100 కోట్ల డాలర్లు స్వీకరించెను; 2023లో జీపీటీ-4ను గూర్చిన నివేదికను ప్రకటించుచు, పోటీని, భద్రతను కారణములుగా జూపి, శిక్షణకు సమకూర్చిన సమాచారమెట్టిదో తెలుప నిరాకరించెను. న్యాయవాద పరీక్షలో ఆ నమూనాకు వచ్చిన మార్కులు అందు గలవు. దానికి పాఠములు సిద్ధపరచినవారు ఎందరో, వారికి ముట్టిన కూలి యెంతయో అందు లేదు.