పూటకూటి యింటినుండి ఇరానీ హోటలు వరకు: కామాటిపుర తెలుగువారి భోజన చరిత్ర

ఈ సంచిక సంపాదకులు మమ్ము ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు మాకు సంకోచము కలిగెను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, జీవితమంతయు గుమాస్తా కొలువులో పరుల లెక్కలు వ్రాసిన వారము. రాజుల చరిత్ర మాకు రాదు. ఐనను బొంబాయి తెలుగువారిని గూర్చి వ్రాసిన పెద్దలందరును వారెత్తిన రాళ్లను, వారు నేసిన బట్టలను గూర్చి వ్రాసిరి కాని, వారెక్కడ కూర్చుండి ఏమి తినిరో వ్రాసినవారు అరుదు. ఆ కొరత కొంతయైన తీర్చ బూనితిమి.

ఇల్లు విడిచినవానికి కూడు పెట్టు వృత్తి తెలుగునాట క్రొత్తది కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామములో మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులిరువురు కాకతీయుల ఓరుగంటి వీథులలో తిరుగుచు పూటకూటి యింటి ముచ్చట చెప్పుకొందురు. ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడు కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు! గురజాడవారి కన్యాశుల్కములోని పూటకూళ్లమ్మను ఎరుగని తెలుగువాడు లేడు. అయితే ఆ విస్తళ్లు అందరికిని వేసినవి కావు. మొన్నమొన్నటి వరకు తెలుగు పట్టణములలో 'బ్రాహ్మణ భోజన హోటలు' అను పలకలు వ్రేలాడుచుండెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణములో, హోటళ్లలోనికి కులమును బట్టి ఎవ్వరిని రానీయకుండరాదని శాసించెను. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చెను. పలకలు దిగుటకు ఇంకను కొంతకాలము పట్టెను.

మన పేటకు కామాటిపుర యను పేరు మనవారివలననే వచ్చెను. కామాటి యనునది మన 'కమతగాడు' నుండి పుట్టినదని కొందరు, మరాఠీ 'కామ్' నుండి వచ్చినదని కొందరు చెప్పుదురు. మాకు మొదటి మాటయే రుచించుచున్నది. పదునెనిమిదవ శతాబ్దము చివర హార్న్‌బీ వెల్లార్డు కట్ట సముద్రపు నీటిని ఆపిన పిమ్మట ఈ పల్లపు నేలలు ఎండి నివాసయోగ్యములయ్యెను. నిజాము రాజ్యమునుండి వచ్చిన కూలీలును మేస్త్రీలును ఇచ్చట దిగిరి. 1850ల నుండి బట్టల మిల్లులు లేచెను. పద్మశాలి సోదరులు సాంచాఖాతాలలో చేరిరి. వరుసగా అంకెలు వేసిన గల్లీలలో, పది అడుగుల గదులలో సంసారములు నిండెను. బ్రిటిషు ప్రభుత్వ కాలమున ఈ గల్లీలలో కొన్నింటికి మరియొక వృత్తివలన అపకీర్తి వచ్చినది. అది లోకమెరిగినదే. దాని మూలమున మనవారు అడ్రసు చెప్పవలసినప్పుడు 'నాగ్‌పాడా దగ్గర' అని నసుగుట అలవాటయ్యెను. మా చెల్లెలిని చూడవచ్చిన పెండ్లివారు మా గల్లీ మొగను చూచి, ఇంటిలో మంచినీళ్లు సైతము ముట్టక వెడలిపోయిరి. మా అమ్మ నాడు చేసిన గారెలు మేమే తింటిమి. గొంతు దిగలేదు.

ఇక హోటళ్ల సంగతి. యజ్ద్, కెర్మాన్ ప్రాంతములనుండి పందొమ్మిదవ శతాబ్దాంతమునను ఇరువదవ శతాబ్దారంభమునను వచ్చిన జరతుష్ట్ర మతస్థులైన ఇరానీలు బొంబాయి వీథిమూలలలో చాయ్ హోటళ్లు పెట్టిరి. మూలస్థలము అశుభమని హిందూ వర్తకులు వదలివేయగా అవి వీరికి దక్కెనని చెప్పుదురు. ధోబీతలావు చెంత కయానీ 1904లోను, మన గల్లీలకు నడకదూరముననే గ్రాంట్‌రోడ్డు స్టేషనుకెదురుగా మెర్వాన్ 1914లోను వెలసెను. పాలరాతి బల్లలు, వంపుచేతుల నల్లకుర్చీలు, గాజు జాడీలలో ఖారీ బిస్కత్తులు, గోడలనిండ అద్దములు. ఆ బల్లయొద్ద కులమెవరును అడుగరు. తాపీమేస్త్రీ, మాలదాసరి, కోమటి, ముసల్మాను వరుసగా కూర్చుండి పావు చాయ్‌లో ముంచుకొని తినుచుండుట మేము చిన్ననాట చూచితిమి. ఏ సంస్కర్తయు ఉపన్యసింపకయే ఆ పని జరిగినది. ఇట్లనుటవలన సంస్కర్తలకు మేము తక్కువ చేయుట లేదు. ఫూలేగారు 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయి తెలుగు కంట్రాక్టర్లు అండయై నిలిచిరి. ఆ గౌరవము మనది.

మా నాయనగారు మిల్లు పనివారు. దీపావళి బోనసు చేతికి వచ్చిన ఒక సాయంకాలము, 1970 ప్రాంతమున, ఆయన మా అమ్మను మమ్మును వెంటబెట్టుకొని ఇరానీ హోటలుకు పోయిరి. మా అమ్మకు హోటలు కూడనిన సిగ్గు. ఇంట పొయ్యి వెలుగనివారు తినునది యని ఆమె తలంపు. కుటుంబముల కొరకు ప్రత్యేకించిన అర నిండియుండుటచే నడిమి బల్లయొద్దనే కూర్చుంటిమి. ప్రక్క బల్లయొద్ద మా గల్లీలోనే ఆ రెండవ వృత్తివలన బ్రతుకు స్త్రీ ఒకతె చాయ్ త్రాగుచుండెను. తెలుగుదే. సంసారులను చూచి ఆమె కప్పు సగము విడిచి లేవబోయెను. మా అమ్మ తలయెత్తి, "ఏడికి పోతవక్కా, కూసో. చాయ్ సల్లారిపోతది" అనెను. ఆమె కూర్చుండెను. మరి మాటలు లేవు. ఆనాటి పావు, వెన్న రుచి మాకిప్పటికిని జ్ఞప్తిలో నున్నది. మా నాయనగారు మాత్రము దారిపొడవున మాటాడలేదు. మెచ్చుకొనిరో నొచ్చుకొనిరో ఆయన ఎన్నడును చెప్పలేదు.

అన్నము తినవలెనన్న ఇరానీ చాలదు. మాటుంగాలో రామానాయక్‌గారు 1942లో స్థాపించిన ఉడిపి శ్రీకృష్ణ బోర్డింగు వంటివి దక్షిణాదివారికి పేరుబడ్డవి. కాని మిల్లు కూలికి అవి దూరము. ఊరిలో పెండ్లాము బిడ్డలను విడిచి వచ్చిన ఒంటరివారికి గల్లీలోని 'ఖాణావళి' యే గతి. ఖాణావళి యనగా మన పూటకూటి యిల్లే. మా మేనత్త, విధవ, పది అడుగుల గదిలో పదునలుగురికి రెండు పూటలు పెట్టెడిది. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు, ఎల్లిపాయకారము, ఆదివారము మాంసము. షిఫ్టును బట్టి వచ్చి తిని పోవుదురు. జీతము నాడు బాకీ చెల్లింతురు. ఆమెకు అక్షరములు రావు. పదియేండ్లు నిండగనే ఆమె ఖాతా పుస్తకము మా చేత పెట్టెను. మా గుమాస్తాగిరి అచ్చటనే ప్రారంభమయ్యెను.

యుద్ధకాలపు రేషను మాటలు ఆమె నోటనే వింటిమి. 1942లో బర్మా జపానువారి వశమై అక్కడి బియ్యము నిలిచిపోయెను. 1943 మేనెలలో బొంబాయిలో రేషను మొదలయ్యెను. అన్నము తినువారికి గోధుమలు వచ్చినవి. అవి మన స్త్రీలకు కొరుకుడు పడలేదు. 1972 కరువులో అమెరికానుండి వచ్చిన ఎఱ్ఱజొన్నలను మేమే తింటిమి. రొట్టె చేయబోయిన పగులును, అంబలి కాచిన వెగటు. ఆ జొన్నలకే కడుపులు నిండినవి గనుక తిట్టుటకును మనసొప్పదు.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలయ్యెను. దత్తా సామంత్ నాయకుడు. ఇంచుమించు 2,50,000 మంది కార్మికులు పని మానిరి. నెల గడచెను, రెండు నెలలు గడచెను. మా మేనత్త పదునలుగురిలో ఒక్కరినైన వలదనలేదు. బియ్యపు కొట్టులో అప్పు, కట్టెల అడితిలో అప్పు. ఆమె మెడలోని గుండ్లు పోయినవి. ఖాణావళి స్త్రీలకు వడ్డీవ్యాపారి చెర వదలించి బ్యాంకు అప్పులిప్పించుటకు ప్రేమా పురావ్‌గారు 1975లోనే అన్నపూర్ణా మహిళా మండలిని స్థాపించియుండిరి. మన గల్లీలో ఆ సంగతి తెలిసి ముందుకు పోయినవారు కొద్దిమంది. మా మేనత్త పోలేదు. వేలిముద్ర వేయుటకు ఆమెకు భయము. ఒక్కరొక్కరుగ మనుష్యులు సిరిసిల్లకు, భివండికి, షోలాపురమునకు తరలిపోయిరి. పుస్తకములో బాకీలు నిలిచిపోయెను. కొన్నియేండ్లకు ఒకడు సిరిసిల్లనుండి సకినాల డబ్బాతో వచ్చి తన పుట చూపుమనెను. అప్పటికామె గతించినది. మేము పుస్తకము తీసితిమి. అతడు పైకము లెక్కించి మా చేత పెట్టి, కొట్టివేసిన గీత కన్నులార చూచుకొని పోయెను. తక్కిన పుటలు అట్లేయున్నవి.

ప్రయాణపు తిండి వేరొక అధ్యాయము. మన పూర్వులు నడచియు ఎడ్లబండ్లపైనను వచ్చినవారు. భోర్‌ఘాటు రైలుమార్గము 1863లో పూర్తియయ్యెను. 1861లో ఆ కొండలలో 40 వేలకు పైగా కూలీలు పనిచేసిరి. వాడినుండి సికిందరాబాదు మార్గము 1874లో తెరవబడెను. అంతట ఊరు దగ్గరయ్యెను. మా చిన్ననాట ఊరి ప్రయాణమనిన ముందురోజు రాత్రి నుండియే సద్ది మూటలు: పులిహోర, గట్టిగా కాల్చిన జొన్నరొట్టెలు, నువ్వులపొడి, సర్వపిండి. బయటి తిండి తినరాదని మా అమ్మ కట్టడి. ఐనను కర్జత్‌లో వెనుక ఇంజను తగిలించుటకు బండి ఆగగానే దివాడ్కర్‌వారి బటాటావడల కమ్మదనము కిటికీలలోనుండి దూరెడిది. ఆ స్టేషనులో కట్టడి ఎన్నడును నిలువలేదు. లోణావళాలో చిక్కీ పొట్లము. వేరుసెనగ, బెల్లము కలిపిన ఈ పదార్థము ఘాటు మార్గపు కూలీలకొరకే మొదలయ్యెనని అచ్చటివారు చెప్పుకొందురు.

అన్నిటికంటె షోలాపురమే మాకు తలపుకు వచ్చును. ఆ ఊరు సగము తెలుగు ఊరు. అచ్చటి మా బంధువులు ముందుగ కార్డు వ్రాసిన చాలును, ప్లాట్‌ఫారము మీద స్టీలు డబ్బాతో నిలిచియుందురు. అప్పడమువలె విరుగు కడక్ రొట్టె, వేరుసెనగ కారప్పొడి, పెరుగు. బండి ఆగు కొద్ది నిమిషములలోనే పెండ్లి సంగతులు, చావు సంగతులు, వడ్డన. ఖాళీ డబ్బా తిరుగు ప్రయాణమున అప్పగించవలెను. అందులో ఊరి సకినాలు వేసి యిచ్చుట మర్యాద. నిజామాబాదువారిది వేరు దారి. వారు మన్మాడులో దిగి మీటరుగేజి బండి ఎక్కెడివారు. ఇప్పుడు కరీంనగరుకు రాత్రి బస్సులు కలవు. నడుమ ఢాబాయొద్ద ఆపుదురు. మాకు ఆ ఢాబా భోజనము నచ్చదు, అది మా వయస్సు దోషమైన కావచ్చును.

చివరగ పండుగ వంట. ఊరి పండుగలకు నూనె బాణలి చాలును. దీపావళికి మాత్రము బొంబాయి మనకొక క్రొత్త వాడుక నేర్పెను: నాన్‌ఖటాయి. డచ్చివారు సూరతులో పెట్టిన రొట్టెల భట్టీ ఒక పారసీ చేతికి వచ్చి, అందులోనుండి ఈ బిస్కత్తు పుట్టెనని ప్రతీతి. పావు పోర్చుగీసువారి నుండి వచ్చినది. తెలంగాణములో దానిని డబుల్ రొట్టె యందుము. చాలులో ఎవ్వరికిని భట్టీ లేదు. కావున దీపావళికి పదిదినముల ముందు స్త్రీలు మైదా, డాల్డా, చక్కెర, రవ్వ, యాలకులు డబ్బాలలో పోసుకొని గల్లీ చివర బేకరీకి బయలుదేరుదురు. చక్కెర ఎంతో నెయ్యి అంత, మైదా దానికి రెట్టింపు. రొట్టెలు తీసిన పిమ్మట భట్టీ వేడి కొంత తగ్గును. ఆ మెత్తని వేడియే దీనికి తగినది. అందువలన మన వంతు నడిరాత్రికి వచ్చును. రేకుపళ్లెముపై సుద్దతో గది నంబరు వ్రాయుదురు. ఆ వరుసలో తెలుగు, మరాఠీ, ముసల్మాను స్త్రీలు డబ్బాలమీద కూర్చుండి నిదురపోవుచు, ఒకరి పళ్లెము నింకొకరు కావలి కాయుచుందురు. నంబరు చెరిగిపోయిన పళ్లెము కొరకు మా అమ్మ ఒకసారి తెల్లవారువరకు వాదించి, కడకు మరియొకరి నాన్‌ఖటాయి మా యింటికి తెచ్చెను. అది మా దానికంటె బాగుండెను.

2025 జనవరిలో బొంబాయి హైకోర్టు కట్టెలు, బొగ్గు కాల్చు బేకరీలన్నియు ఆరు నెలలలో గ్యాసుకో విద్యుత్తుకో మారవలెనని ఆదేశించెను. ఊరి గాలికొరకు చేసిన పని. ఉబ్బసముతో బాధపడు మేము దానిని తప్పు పట్టజాలము. మన గల్లీలను పడగొట్టి మేడలు కట్టు ప్రయత్నమును మ్హాడా ద్వారా సాగుచున్నది. ఆ నోటీసుల తరువాత మేము డబ్బా చేతబట్టుకొని మా బేకరీవానియొద్దకు పోయి, ఈ దీపావళికి పళ్లెములు పట్టెదవా యని అడిగితిమి. అతడు క్రొత్త గ్యాసు భట్టీని చూపి, దీనికి రాత్రి చల్లారు గుణము లేదు, మంట తగ్గించుట ఇంకను చేతికి రాలేదు, మొదటి పళ్లెము మాడిన మీరే తినవలెను అనెను. సరేయని గది నంబరు వ్రాయించి వచ్చితిమి.