సముద్రం మీద ఒంటరి దినచర్య

పేరాల నేతపనివానికి దినమంటే ఒక లెక్క. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుండి, నాడెను ఎన్నిసార్లు అటూ ఇటూ నడిపితే జానెడు బట్ట దిగుతుందో అతనికి తెలుసును. ఆ ఊరికి చేరువనే వాడరేవు. అక్కడి జాలరులు ఒకప్పుడు తెప్పల మీద, ఇప్పుడు యంత్రపు పడవల మీద సముద్రంలోకి పోయి వేటాడి, తిరిగి ఇల్లు చేరుకొంటారు. అట్లుకాక, చేతిలో రెండు తెడ్లు మాత్రమే పట్టుకొని, తోడు లేకుండా, ఆవలి ఖండం చేరేవరకు నెలల తరబడి నీటి మీదనే బ్రతికినవారు కొందరున్నారు. వారికి రోజు ఎట్లా గడిచింది?

తెడ్లతోనే మహాసముద్రాన్ని దాటవచ్చునని నిరూపించినవారు హార్బో, శామ్యూల్సన్ అనే ఇద్దరు నార్వే దేశస్థులు. 1896లో వారు న్యూయార్కు నుంచి 55 రోజులలో ఇంగ్లండుకు చెందిన సిల్లీ దీవులు చేరారు. ఆ పని ఒంటరిగా సాధించడానికి మరి 73 సంవత్సరాలు పట్టింది. 1969 జనవరి 20న జాన్ ఫెయిర్‌ఫాక్స్ కేనరీ దీవుల నుంచి 'బ్రిటానియా' అనే పడవలో బయలుదేరి, 180 రోజులకు, జులై 19న ఫ్లోరిడా తీరాన కాలు మోపాడు. మరునాడే అమెరికన్లు చంద్రుని మీద దిగారు! మన బంగాళాఖాతంలో కూడ ఆ సంవత్సరమే పినాకి చటర్జీ, జార్జి డ్యూక్ అనే ఇద్దరు తెడ్ల పడవలో కలకత్తా నుంచి అండమాను చేరుకొన్నారు.

తెడ్డు వేసేవాడు పడవ పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు. దాటివచ్చిన నీరే అతని కంటికి కనిపిస్తుంది. చేరవలసిన తీరం కనిపించదు. ఒంటరివాడు దినానికి పది పన్నెండు గంటలు ఇట్లా శ్రమించవలసివస్తుంది. ఆ శ్రమకు 5,000 కేలరీల ఆహారమైనా చాలదు. ఫెయిర్‌ఫాక్స్ చేపలు పట్టి తిన్నాడు; దారిలో కలిసిన ఓడలవారు పెట్టినదీ తిన్నాడు. నేటివారు ఎండబెట్టిన ఆహారాన్ని వేడినీటిలో నానబెట్టుకొంటారు. త్రాగునీటిని ఉప్పునీటి నుంచే తీసే చిన్న యంత్రం సూర్యరశ్మితో నడుస్తుంది. అది చెడితే చేతిపంపే గతి.

తక్కినదంతా చిల్లరపని, కాని ప్రాణం దానిలోనే ఉన్నది. ఉప్పునీటికి ఒరసి పిరుదుల మీద పుండ్లు పడతాయి. రోజూ మంచినీటితో కడిగి ఆరబెట్టకపోతే కూర్చొనుటే అసాధ్యం. పడవ అడుగున గుల్లపురుగులు పట్టి వేగం తగ్గిస్తాయి. నడిసముద్రంలో దిగి వాటిని గీకివేయవలెను. దైనందిన గ్రంథం వ్రాయవలెను. రాత్రి పెట్టెవంటి గదిలో నడుముకు పట్టీ బిగించుకొని పడుకోవలెను. ఎదురుగాలి వీస్తే నీటిలోకి గొడుగు వంటి గుడ్డ లంగరు వదలుతారు. అయినా, పగలు సంపాదించిన మైళ్ళను రాత్రి గాలి తిరిగి లాగుకొనిపోవుట సామాన్యం.

పరికరం చెడినప్పుడు దినచర్య ఒక్కటే మిగులుతుంది. 2005–06లో అట్లాంటిక్ దాటిన రోజ్ సావేజ్ అనే ఆంగ్ల వనితకు నాలుగు తెడ్లూ విరిగాయి, పొయ్యి చెడింది, చివరికి టెలిఫోను కూడ మూగబోయింది. విరిగినవాటికి అతుకులు వేసి 103 రోజులకు ఒడ్డు చేరింది. 2009లో సారా ఔటెన్ ఆస్ట్రేలియా నుంచి మన హిందూ మహాసముద్రం మీదుగా 124 రోజులలో మారిషస్ చేరింది. అప్పటికామెకు 24 ఏండ్లు. 1991లో జపాను నుంచి అమెరికాకు 134 రోజులలో వెళ్ళిన ఫ్రెంచివాడు దాబోవిల్ పడవ ముప్పది సార్లకు పైగా తలక్రిందులైంది.

అందరూ ఒడ్డు చేరలేదు. 1966లో జాన్‌స్టన్, హోర్ అనే ఇద్దరు ఎక్కిన 'పఫిన్' పడవ బోర్లాపడి దొరికింది. సెప్టెంబరు 3 వరకు వ్రాసిన దినచర్య పుస్తకం మాత్రం మిగిలింది. 1982–83లో 294 రోజులు పసిఫిక్ మీద ఒంటరిగా గడిపి ఆస్ట్రేలియా పగడపు దిబ్బల వరకు వచ్చిన పీటర్ బర్డ్, 1996లో అదే సముద్రం మీద మరొక ప్రయత్నంలో మృతి చెందాడు.

క్రమం ప్రాణానికి హామీ కాదని ఈ మరణాలు చెబుతున్నవి. ఐనా సముద్రాన్ని దాటినవారెవరూ ఒక్క దినపు సాహసంతో దాటలేదు. నేతపనివాడు పోగు వెంట పోగు చేర్చి చీర నేసినట్లే, నిన్నటి పనిని ఈ రోజు మళ్ళీ చేసి వారు ఒడ్డు చేరారు. తీరం వీపు వెనుకనే ఉన్నది; చేతిలో ఉన్నది తరువాతి తెడ్డు వేటు మాత్రమే.